భుజాలు తడుముకోవడం రుజువు కాదు - దొంగతనం నింద, తెలుగు కథ

మన కథాసాహిత్యంలో ఒక ఇతివృత్తం ఎన్ని చేతులు మారినా అరగకుండా నిలిచి ఉంది. మధ్యతరగతి ఇంట్లో నగో, డబ్బో పోతుంది. ఆ రోజు ఇంట్లో సున్నం వేసేవాడో, తలుపులు బిగించే వడ్రంగో, అంట్లు తోమే మనిషో ఉంటారు. ఇంటివారి చూపు అటు తిరుగుతుంది. మాట జారుతుంది, ఒక్కోసారి చెయ్యీ లేస్తుంది. చివరికి పోయిన వస్తువు పరుపు కిందనో, బియ్యం డబ్బాలోనో దొరుకుతుంది. ఇల్లాలు కన్నీరు పెట్టుకుంటుంది. పాఠకుడి మనసు తేలికపడుతుంది. ఇటువంటి కథ శ్రామికుడి నిజాయితీని నిలబెట్టిందని మనం చాలాసార్లు మెచ్చుకున్నాం. ఆ మెప్పును పునఃపరిశీలించవలసిన అవసరం ఉందని నా అభిప్రాయం.

ఆ కథలో పనివాణ్ణి నిర్దోషిగా తేల్చింది ఎవరు? రచయిత కాదు, ఇంటి యజమాని వివేకం కాదు, పనివాడి మాట అసలే కాదు. బియ్యం డబ్బా. అంటే ఒక మనిషి గౌరవం ఒక వస్తువు దొరకడం మీదా, దొరకకపోవడం మీదా ఆధారపడింది. అది దొరకకపోతే అతను ఏమవుతాడు? ఆ ప్రశ్నను ఈ తరహా కథ అడగదు. అడగకుండా ఉండడానికే నగను దొరికిస్తుంది. ఇక యజమాని చేసిన తప్పు కన్నీటితో చెల్లిపోతుంది. అనుమానం ఎక్కడ పుట్టిందో, ఎందుకు ఎప్పుడూ ఒకే దిక్కుకు పారుతుందో విచారించకుండానే కథ ముగుస్తుంది. పైకి శ్రామికపక్షంగా కనిపించే ఈ ఇతివృత్తం నిజానికి మధ్యతరగతి పశ్చాత్తాపానికి కట్టిన గుడి.

అనుమానానికి మన భాషలోనే పునాది ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. బెదురే నేరానికి రుజువని దాని తీర్పు. కాని బెదరడానికి దొంగతనం చేసి ఉండనక్కరలేదు, పేదవాడై ఉంటే చాలు. పోలీసు స్టేషను మెట్లు ఎక్కితే ఏమవుతుందో తెలిసినవాడు నింద రాకముందే భుజాలు తడుముకుంటాడు. ఇంకొక సామెత ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటివాడు దొంగ అయితే దేవుడికే చేతకాదు. బయటివాడైతే భుజం కదలిక చాలు. సాక్ష్యాన్ని కొలిచే కొలమానం మనిషిని బట్టి మారుతున్నది.

ఇది ఇతరుల మీద వేసే విమర్శ మాత్రమే కాదు. కొన్నేళ్ళ క్రితం నిజామాబాదులో మేము ఉన్న ఇంట్లో బీరువా తలుపులు చేయడానికి ఒక వడ్లాయన వచ్చాడు. మూడో రోజు అల్మారాలో పెట్టిన కవరు కనిపించలేదు. అందులో నాలుగు వేల రూపాయలు. అతన్ని నేను ఒక్క మాట అనలేదు. మాట అనలేదన్న గర్వం కూడా నాకుండేది. కాని మర్నాడు అతను పని చేస్తున్నంతసేపూ చేతిలో పత్రిక పట్టుకుని గడప దగ్గరే కుర్చీ వేసుకున్నాను. మధ్యాహ్నం అన్నానికి పోయే ముందు అతను పనిముట్ల సంచిని అరుగు మీద బోర్లించాడు. ఉలి, బాడిస, చిత్రిక, సుత్తె ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. "సారూ, చూస్కోండ్రి" అన్నాడు. నేను అడగలేదే! అడగకుండానే అడిగానన్నది నాకు అప్పుడు అర్థమైంది. అతను పని పూర్తి చేసి, కూలి లెక్క చూసుకుని పోయాడు. మళ్ళీ పిలిస్తే రాలేదు. ఆ కవరు ఈనాటికీ దొరకలేదు. దీన్ని కథగా రాసి ఉంటే కవరును ఏ పుస్తకంలోనో దొరికించి ఉండేవాణ్ణి. నా పరువు కోసం.

ఈ సమస్యను ప్రపంచ సాహిత్యం ఎలా పట్టుకుందో చూద్దాం. చెహోవ్ 1886లో రాసిన ఒక కథలో (ఇంగ్లీషు అనువాదాల్లో 'యాన్ అప్‌హీవల్') ధనవంతురాలి ఖరీదైన బ్రోచ్ పోతుంది. ఆమె పిల్లల పంతులమ్మ మాషెంకా గదిని సోదా చేయిస్తుంది. చివరికి ఆ నగను తీసింది తానేనని ఇంటి యజమానే మాషెంకాతో ఒప్పుకుంటాడు. ఈశ్వరుడు పట్టలేని ఇంటిదొంగ ఇతడే. ఇక్కడ ఒక విషయం గమనించాలి. దొంగ ఎవరో తేలిన తరువాత కూడా మాషెంకా ఆగదు, పెట్టె సర్దుకుని వెళ్ళిపోతుంది. సోదాలో జరిగిన అవమానం నగ ఆచూకీతో రద్దు కాదని చెహోవ్‌కు తెలుసు. ఆ ఇంట్లో నౌకర్లను బట్టలు విప్పించి మరీ వెతికారు. వాళ్ళు మాత్రం పెట్టె సర్దుకోలేదు. వెళ్ళిపోగల స్వేచ్ఛ కూడా ఒక ఆస్తే. చెహోవ్ ఆ నౌకర్లకు కొన్ని వాక్యాలే ఇచ్చాడు. మన కథ అక్కడి నుంచి మొదలు కావాలి.

మొపాసా 1883లో రాసిన 'దారం ముక్క' కథలో ముసలి రైతు హోష్‌కోర్న్ దారిలో పడి ఉన్న దారం ఏరుకుంటాడు. పర్సు ఏరుకున్నాడని నింద పడుతుంది. పర్సు దొరుకుతుంది, అయినా నింద పోదు. అతను తన నిజం చెప్పుకుంటూనే కన్నుమూస్తాడు. వస్తువు దొరికితే అంతా సరిపోతుందనే మన వారపత్రికల నమ్మకానికి నూట నలభై ఏళ్ళ కిందటే వచ్చిన జవాబిది.

అయితే మనం అంత దూరం పోనక్కరలేదు. నిజామాబాదు కోట మీది జైలులో దాశరథితో పాటు బందీగా ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి ఈ విషయంలో మనకు దగ్గరి గురువు. ఆయన ఇతరుల ఇళ్ళల్లో వంటపని చేసినవాడు, హోటల్లో సర్వరుగా నిలబడినవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించినవాడు. గడపకు లోపలి వాడిగా కాక, ఆ గడప దగ్గర చూపులకు గురైనవాడిగా ఆయనకు ఇల్లంటే ఏమిటో తెలుసు. రాజకీయ ఖైదీగా జైలుకు పోయి, తోటి రాజకీయ ఖైదీల త్యాగాలను మాత్రమే కీర్తించి ఊరుకోలేదు. మామూలు నేరాల కింద వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ జీవితాలను 'జైలు లోపల' కథలుగా మలిచాడు. ఆ సంపుటిలోని ఒక కథ పేరు 'పరిసరాలు'. ఆ పేరే ఆయన దృక్పథం. మనిషి నేరస్థుడుగా పుట్టడు, పరిసరాలు తీర్చిదిద్దుతాయి. నిర్దోషి పక్షాన నిలబడడం సులువు. నిజంగా దొంగిలించినవాడిలో మనిషిని చూడడం కష్టం. ఆళ్వారుస్వామి ఆ కష్టమైన పని చేశాడు. మన 'నగ దొరికే కథ' ఆయన కంటే వెనకటి మెట్టు మీదే ఆగిపోయింది.

రెండో ఉదాహరణ కేశవరెడ్డి. చిత్తూరు జిల్లాలో పుట్టి, మన డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో వైద్యుడుగా పనిచేసిన ఈ రచయిత 'చివరి గుడిసె' నవలలో యానాదుల జీవితాన్ని చిత్రించాడు. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించి, 1952లో గాని రద్దు కాలేదు. ఒక ఇంట్లో ఒక మనిషి మీద పడే అనుమానాన్ని ఆ చట్టం మొత్తం కులాలకు పుట్టుకతోనే పూసింది. చట్టం పోయినా దాని చూపు మిగిలింది. పనికి వచ్చినవాడిది ఏ ఊరు, ఏ కులం అని మనం అడిగే ప్రశ్నలో అది ఇంకా బతికే ఉంది.

మన ప్రాంతంలో ఈ చూపు కొత్త రూపాలు తీసుకుంటున్నది. ఒకప్పుడు ఊళ్ళో వడ్లాయన, కమ్మరాయన తరతరాలుగా తెలిసినవాళ్ళు, ఏటా కళ్ళంలో ధాన్యం కొలిపించుకునేవాళ్ళు. అందులో దోపిడీ ఉంది, కాని ముఖపరిచయం కూడా ఉంది. ఇప్పుడు గల్ఫు డబ్బుతో ఇల్లు లేస్తుంది. యజమాని దుబాయిలో ఉంటాడు, ఇంట్లో భార్యా ముసలి అత్తా ఉంటారు. టైల్స్ వేసేవాడు ఏ రాజస్థాన్ నుంచో వస్తాడు. ఇద్దరి మధ్యా భాష లేదు, మేస్త్రి ఒక్కడే వారధి. ఏదైనా పోతే ముందు ఎవరి మూట విప్పుతారో చెప్పనక్కరలేదు. దుబాయిలో ఆ యజమాని కూడా ఎవరి ఇంట్లోనో, ఎవరి క్యాంపులోనో ఇదే అనుమానపు చూపు కింద బతుకుతుంటాడు. ఈ ఒక్క వైరుధ్యం చాలు, గొప్ప కథకు. ఎవరు రాస్తారు?

చట్టాన్ని కూడా చదవండి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. మామూలు దొంగతనానికి మూడేళ్ళ వరకు శిక్ష. పనివాడు యజమాని సొత్తు దొంగిలిస్తే ఏడేళ్ళ వరకు. 1860 నాటి శిక్షాస్మృతిలోని తేడానే ఇక్కడా నిలిపారు. నమ్మకద్రోహం కనుక అంటారు. మరి నమ్మి పనిచేసిన వాడి కూలి ఎగ్గొడితే? బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లే ఆఫ్‌తో మూతపడ్డది. కార్మికుల జీతాలు నిలిచిపోయాయి. దాన్ని మన భాష దొంగతనం అనదు, 'బకాయి' అంటుంది. పదాలకు కూడా వర్గం ఉంటుందనడానికి వేరే నిదర్శనం అక్కరలేదు.

నింద ఎక్కడిదాకా పోతుందో 2021 జూన్‌లో చూశాం. యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరులో, తాను వంట చేసే ఇంట్లో డబ్బు పోయిందన్న అనుమానం మీద పట్టుకొచ్చిన దళిత స్త్రీ పోలీసు నిర్బంధంలో చనిపోయింది. ముగ్గురు పోలీసులను ఉద్యోగాల నుంచి తొలగించారు. పోయిన మనిషి మాత్రం ఏ బియ్యం డబ్బాలోనూ దొరకదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. పనివాళ్ళు దొంగతనం చేయనే చేయరా? బీడీలు చుట్టి కూడబెట్టిన పుస్తెల తాడు పోతే ఆ ఇల్లాలి ఏడుపు ఏడుపు కాదా? న్యాయమైన ప్రశ్న. శ్రామికుణ్ణి దేవుడుగా చేయమని నేను అనడం లేదు. దేవుణ్ణి చేయడం కూడా మనిషిగా చూడకపోవడమే. పోయినదాన్ని ముందు ఇంట్లో అంతటా వెతకాలి. ఎవరి సంచీ మనం విప్పకూడదు. నగలు పెట్టెలో పెట్టి తాళం వేసుకోవడం మన పని, పనివాడి పరీక్ష కాదు. ఫిర్యాదే చేయాల్సి వస్తే ఏం పోయింది, ఎప్పుడు చూశాం అన్నది రాయాలి. చూడని దానికి పేరు అంటించకూడదు. అంజనం వేయించడమూ, తెలిసిన కానిస్టేబులుతో 'కొంచెం భయపెట్టమని' చెప్పడమూ ఒకటే జాతి. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని చట్టం చెప్పడానికి కారణం, ఆ భయంతో ఏ మాటైనా రాబట్టవచ్చునన్న అనుభవమే.

రచయితలకు నా మనవి ఒక్కటే. ఈసారి నగను దొరికించకండి. అది ఎవరు తీశారో చివరిదాకా తేలకపోనివ్వండి. లేదా పనివాడే తీశాడనుకోండి. అప్పుడు కూడా అతని వెంట అతని ఇంటిదాకా నడవండి. ఆ రెండు కథల్లోనూ కన్నీటితో బయటపడే దారి ఉండదు. మన నిబద్ధత ఎంత గట్టిదో అక్కడ తేలుతుంది. మా ఇంటి బీరువా తలుపులు ఇప్పటికీ సరిగ్గా మూసుకుంటాయి. అవి మూసిన ప్రతిసారీ అరుగు మీద వరసగా పరిచిన ఆ పనిముట్లు నాకు కనిపిస్తాయి. ఆ సంచి బోర్లించిన మనిషి వైపు నుంచి ఆ కథ ఇంకా ఎవరూ రాయలేదు.