ఆల్విన్‌లో 13 డిగ్రీలు

వైన్‌కు చల్లదనం కన్నా నిలకడ ముఖ్యం. 12 నుంచి 14 డిగ్రీల మధ్య ఎక్కడో ఒకచోట, ఏడాది పొడవునా పెద్దగా మారకుండా ఉంటే చాలు. హైదరాబాద్ ఇళ్లలో దొరకనిది సరిగ్గా అదే. మే నెలలో బయట 42 దాటిన రోజున లోపలి గదిలో మంచం కింద కూడా 33, 34 ఉంటుంది. ఆ వేడికి సీసాలోని వైన్ ఉబ్బి బిరడాను పైకి నెడుతుంది. పండు వాసన పోయి ఉడికిన జామ్ వాసన వస్తుంది. మదైరా దీవిలో వైన్‌ను కావాలనే 45 డిగ్రీలకు పైగా నెలల తరబడి వేడిచేసి దాని రుచి తెప్పిస్తారు, నిజమే. కానీ నాసిక్ కొండల నుంచి వచ్చే తేలికపాటి తెల్ల వైన్ సొగసంతా తాజాదనంలోనే ఉంది. దాన్ని మన వేసవికి వదిలేయడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

వంటింటి ఫ్రిజ్‌లో పెట్టవచ్చు కదా అంటారు. నాలుగు రోజులకైతే సరే. అది నడిచేది 4 డిగ్రీల దగ్గర. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ అయితే లోపలి ఫ్యాను గాలిలోని తేమను లాగేస్తూ ఉంటుంది. నెలలు గడిస్తే బిరడా ఎండి కుంచించుకుపోతుంది, సందులోంచి గాలి దూరుతుంది. దుకాణాల్లో అద్దాల తలుపుతో ముచ్చటగా కనిపించే చిన్న వైన్ పెట్టెల్లో చాలావాటికి కంప్రెసరే ఉండదు. గది వేడి కన్నా 15 డిగ్రీలు తగ్గించడానికే అవి ఆయాసపడతాయి. మన ఏప్రిల్, మే నెలలు వాటి వల్ల కాదు.

మా అత్తగారి ఆల్విన్ ఫ్రిజ్ వల్ల అవుతుంది. 165 లీటర్లు, ఒకటే తలుపు, పైన ఐస్ బాక్స్. ఈ ఊరి వస్తువు అది. నిజాం పారిశ్రామిక ట్రస్టు నిధి, అల్లాదీన్ అండ్ కంపెనీ కలిసి 1942లో పెట్టిన ఆల్విన్ సంస్థ సనత్‌నగర్‌లో ఫ్రిజ్‌లు చేసింది, బస్సుల బాడీలు కట్టింది, చేతి గడియారాలు కూడా తయారు చేసింది. 1990లలో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్లింది. కూకట్‌పల్లి వైపు ఆల్విన్ కాలనీలో ఆ పేరు ఇంకా మిగిలింది. మన ఊళ్లో మనవాళ్లు బిగించిన కంప్రెసర్ ఇన్నేళ్ల తర్వాత కూడా గుర్రుమంటూ పనిచేస్తుంటే దాన్ని పాత ఇనుప సామాన్ల బండి ఎక్కించడానికి నాకు చేతులు రాలేదు.

ఇంకో కారణం ఉంది. ఆ కాలపు ఫ్రిజ్‌లలో ఉండేది ఆర్-12 వాయువు. ఓజోన్ పొరను తినేసేది కాబట్టే దాన్ని ప్రపంచమంతా మానుకుంది. పాత సామాన్ల గోదాములో రాగి కోసం పైపు కోసిన క్షణాన అదంతా గాలిలో కలుస్తుంది. చూడటానికి వచ్చిన మెకానిక్ కూడా అదే అన్నాడు: “సార్, పైపుల జోలికి మాత్రం పోకండి. ఇది పోతే మళ్లీ ఎక్కించడానికి ఆ గ్యాస్ దొరకదు.” కొత్త ఫ్రిజ్ వాడేవాళ్లకూ ఈ మాట వర్తిస్తుంది. ఇప్పటి వాటిలో చాలా మటుకు ఆర్-600ఏ ఉంటుంది, అది మండే వాయువు. గోడలకు డ్రిల్లు పెట్టకూడదు.

అసలు కిటుకు ఒక చిన్న పెట్టెలో ఉంది. ఫ్రిజ్ సొంత థర్మోస్టాట్‌ను ఎంత తగ్గించినా 13 దాకా రాదు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే టెంపరేచర్ కంట్రోలర్‌ను గోడ ప్లగ్గుకూ ఫ్రిజ్‌కూ మధ్య పెట్టాలి. దాని సెన్సర్ తీగ సన్నగా ఉంటుంది, తలుపు రబ్బరు పక్క నుంచి లోపలికి పోతుంది. 12 దగ్గర కరెంటు ఆపేసి 14 దగ్గర మళ్లీ ఇచ్చేలా అమర్చుకోవాలి. ఫ్రిజ్ సొంత నాబ్‌ను మాత్రం బాగా చల్లదనం వైపు తిప్పి ఉంచాలి, లేకపోతే రెండూ పోట్లాడుకుంటాయి. ఆగిన కంప్రెసర్ మళ్లీ మొదలయ్యేలోపు గొట్టాల్లో పీడనం సమం కావాలి. అందుకే కంట్రోలర్‌లో ఐదు నిమిషాల విరామం పెట్టడం మరవకూడదు. సెన్సర్‌ను గాలిలో వేలాడదీయకుండా నీళ్లు నింపిన సీసాలో ముంచితే, తలుపు తీసినప్పుడల్లా కంగారుపడదు. మనకు కావలసింది వైన్ వేడి, గాలి వేడి కాదు.

పాత ఒంటి తలుపు ఫ్రిజ్ దీనికి తగినదని నేను గట్టిగా చెప్పడానికి కారణం తేమ. 13 దగ్గర కంప్రెసర్ చాలాసేపు ఆగి ఉంటుంది. ఆ విరామంలో ఐస్ బాక్స్ మీది మంచు కరిగి తడి తిరిగి లోపలి గాలికే చేరుతుంది. కావలసిన 60, 70 శాతం తేమ వేసవిలో కాస్త తగ్గితే అడుగున ఒక గిన్నె నీళ్లు పెడితే సరిపోతుంది. వానాకాలంలో ఆ గిన్నె తీసేయాలి, లేబుళ్లకు బూజు పడుతుంది.

పాత తీగ అరలను నమ్మవద్దు. నిండు సీసా కిలోంబావు దాకా తూగుతుంది, ముప్పై సీసాలకు నలభై కిలోలకు దగ్గర పడుతుంది. బరువంతా ఫ్రిజ్ అడుగుమీదే నిలిచేలా వడ్రంగి చేత టేకు ముక్కలతో అరలు కట్టించాను. పాలిష్, వార్నిష్ ఏదీ వేయనివ్వలేదు, ఆ వాసన మూసిన పెట్టెలో నెలలపాటు తిరుగుతుంది. బిరడా సీసాలు పడుకోవాలి. మన దేశపు సీసాలకు చాలావాటికి స్క్రూ మూతే కాబట్టి అవి నిలబడినా నష్టం లేదు. ఐస్ బాక్స్ కిందే ఎక్కువ చల్లన, అక్కడ తెల్లవి. అడుగున ఎర్రవి. తలుపు అరల్లో ఏమీ పెట్టను, తీసినప్పుడల్లా కదులుతాయి.

దీనికన్నా ముందు కడగడం ఉంది. ముప్పై ఏళ్ల ఆవకాయ, పచ్చిమిర్చి, వెల్లుల్లి ఆ ప్లాస్టిక్‌లోకి ఇంకి ఉంటాయి. వంటసోడా నీళ్లతో తుడిచి, తలుపు బార్లా తెరిచి, వాసన పోయేదాకా ఆరనివ్వాలి. తలుపు రబ్బరులో కాగితం పెట్టి మూసి లాగి చూడండి. జారి వచ్చేస్తే రబ్బరు మార్చాలి. మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్త్ ఉందో లేదో తప్పక చూపించుకోండి, ఇనుప బాడీ అది. ఇంట్లో పిల్లలుంటే తాళం వేసి చెవి దాచండి. పాత ఫ్రిజ్ తలుపులు కొన్ని లోపలి నుంచి తెరుచుకోవు. ఇంట్లో ఎన్ని సీసాలు ఉంచుకోవచ్చో ఆబ్కారీ నిబంధనలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి, అవి కూడా చూసుకోవాలి.

కరెంటు పోతే కంగారు అక్కర్లేదు. సీసాలు నిండుగా ఉంటే ఆ ద్రవమే చలువను పట్టి ఉంచుతుంది, తలుపు తీయకపోతే గంటలు గడుస్తాయి. వడ్డించేటప్పుడు తెల్ల వైన్‌ను ఒక అరగంట వంటింటి ఫ్రిజ్‌లోకి మారుస్తాను. ఎర్రదాన్ని తీసిన పదిహేను నిమిషాలకు పోస్తాను. అంతకుమించి బల్ల మీద ఉంచితే మన గది దాన్ని 30కి తీసుకుపోతుంది.