పొత్తిళ్ళలో పాప

అమెరికాలో నర్సుగా చేస్తున్న మా మేనకోడలు ఆదివారం ఫోన్ చేసింది. ముందు రోజు రాత్రి మూడు గంటలపాటు ఒక పసిగుడ్డును గుండెకు హత్తుకుని కూర్చుందట. "ఆ మూడు గంటలూ అదే నా పని మావయ్యా!" అంది. ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది.

ఆ పాపది మందు ఆగిపోయిన బాధ. తల్లి కడుపుతో ఉండగా ఓపియాయిడ్లు వాడితే, అవి హెరాయిన్ కానీ, వ్యసనం మానడానికి డాక్టరే రాసిచ్చిన మెథడోన్ కానీ, బొడ్డు కోయగానే బిడ్డకు ఆ మందు అందడం ఆగిపోతుంది. రెండు మూడు రోజుల్లో వణుకు, కీచుగా ఏడుపు, తుమ్ములు, విరేచనాలు మొదలవుతాయి. వీటికి మార్కులు వేసే పట్టికను 1975లో లొరెట్టా ఫినెగన్ బృందం ప్రచురించింది. మార్కులు గీత దాటితే మార్ఫిన్.

మార్కులంటే నాకు మహా కోపం. అందుకే యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ మాథ్యూ గ్రాస్‌మన్ బృందం పట్టుకున్న మూడు ప్రశ్నలు నాకు అంతగా నచ్చాయి. బిడ్డ పాలు తాగుతోందా? గంటసేపైనా నిద్రపోతోందా? ఏడిస్తే పది నిమిషాల్లో ఊరుకుంటోందా? తల్లి పక్కనే పడక, మసక వెలుతురు, ఒంటికి ఒళ్ళు తగిలేలా ఎత్తుకోవడం. మొదటి వైద్యం ఇదే.

మా తమ్ముడు పుట్టినప్పటి పురిటి గది గుర్తొచ్చింది. కిటికీకి దుప్పటి కట్టి ఉండేది. అమ్మమ్మ పాత నేతచీరను చింపి, అంచు తీసేసి, ఆ మెత్తటి గుడ్డను చెంపకు ఆనించి చూసుకునేది. తమ్ముడి రెండు చేతులూ గుండెల మీదికి చేర్చి చుట్టేది. "కట్టకపోతే తన చేతికి తనే ఉలిక్కిపడతాడురా" అనేది. కాళ్ళు చాపుకుని, వాటి మీద వాణ్ణి పడుకోబెట్టి, మోకాళ్ళు సన్నగా ఊపుతూ ఉండేది. వాడు నిద్రపోయాక కూడా ఊపు ఆపేది కాదు.

అమ్మమ్మ గెలిచింది, మార్కులు ఓడాయి అని రాద్దామనే కూర్చున్నాను. కానీ వాళ్ళ ఆసుపత్రిని ఈ మూడు ప్రశ్నల పద్ధతికి ఒప్పించింది లెక్కలేనని మేనకోడలు చెప్పింది. 2023లో వెలువడిన పరిశోధనలో 26 ఆసుపత్రులు, 1,305 మంది పిల్లలు. ఇంటికి పంపేంత కోలుకోవడానికి పాత పద్ధతిలో సగటున 14.9 రోజులు పడితే కొత్తదాంట్లో 8.2 రోజులే. మందు అవసరమైన పిల్లలు 52 శాతం నుంచి 19.5 శాతానికి తగ్గారు. ఎవరో ఓపిగ్గా లెక్క కట్టబట్టే ఆ పిల్లలు మళ్ళీ ఒళ్ళోకి చేరారు.

అంటే ఇప్పటికీ అయిదుగురిలో దాదాపు ఒకరికి ఒడి ఒక్కటే చాలడం లేదు. ఆ రాత్రి పాపా అంతే. ఎంత ఊపినా ఊరుకోలేదు. తెల్లవారుజామున డాక్టరు మార్ఫిన్ రాశారు. నిద్ర లేచిన తల్లి, తన వల్లే ఇదంతా అని ఏడ్చింది. మేనకోడలు పాపను ఆమె ఒళ్ళో పెట్టి, "నువ్వు ఎత్తుకునే ఉండమ్మా, నేను వేస్తాను" అని బుగ్గలోపలికి చుక్కలు వేసింది. తల్లి పాప రెండు చేతులూ దగ్గరికి చేర్చి పట్టుకుంది.