నైసా: ఒక దేవుడి పెంపకభూమి, దాని చిరునామాలు

గ్రీకు పురాణాల్లో డయొనైసస్ రెండుసార్లు పుట్టిన దేవుడు. తల్లి సెమెలీ జ్యూస్ పిడుగుకు దగ్ధం కాగా, నెలలు నిండని శిశువును జ్యూస్ తన తొడలో కుట్టుకొని మోశాడు. రెండవ జననం తరువాత హీరా కంటపడకుండా ఆ బిడ్డను వనకన్యలు పెంచిన చోటు నైసా. అది ఎక్కడుందన్న విషయంలో ప్రాచీనులకే ఏకాభిప్రాయం లేదు. నిఘంటుకర్త హెసీకియస్ ఈ పేరుగల కొండలను అరేబియా, ఇథియోపియా, థ్రేస్, లిబియా, లిడియా, భారతదేశం మొదలైన పదికి పైగా ప్రాంతాల్లో చూపాడు. వీటిలో అసలైనది ఏదని వెతకడం కన్నా, ఏ గ్రంథం ఏ అవసరం కొద్దీ నైసాను ఎక్కడ నిలిపిందో పరిశీలించడం ప్రయోజనకరం.

‘ఇలియడ్’ ఆరవ సర్గలో డయొమీడిస్ చెప్పే కథే లభ్యసాహిత్యంలో దీనికి తొలి ప్రస్తావన. పవిత్రమైన నైసా కొండ మీద లైకర్గస్ ఆ దేవుడి దాదులను ములుకోలతో తరిమాడు. బెదిరిన డయొనైసస్ సముద్రంలోకి దూకగా థెటిస్ ఒడిలోకి తీసుకొంది. లైకర్గస్‌ను జ్యూస్ గుడ్డివాణ్ణి చేశాడు. గమనించవలసిందేమంటే, రక్షణస్థలంగా ప్రసిద్ధికెక్కిన నైసా మొదటిసారి కనిపించేదే రక్షణ విఫలమైన సన్నివేశంలో. డిమీటర్‌ను స్తుతించే హోమరీయ స్తోత్రం దీన్ని మరింత చిక్కబరుస్తుంది. పెర్సెఫొనీ నార్సిసస్ పువ్వు కోయబోగా భూమి విచ్చుకొని హేడిస్ ఆమెను ఎత్తుకుపోయినది నైసా మైదానంలోనే. ఒకే పేరుగల నేల ఒక బిడ్డను దాచింది, మరొక బిడ్డను పోగొట్టింది. రెండు సందర్భాల్లోనూ అది తల్లిదండ్రుల చూపు అందని చోటు. ఈ సామ్యాన్ని కేవలం యాదృచ్ఛికమని తోసిపుచ్చడం కష్టం.

డయొనైసస్‌ను స్తుతించే మరొక స్తోత్రం శిథిలరూపంలో మిగిలింది. ఆ దేవుడి జన్మస్థలాలుగా కొందరు చెప్పే నాక్సోస్, థీబ్స్ వంటి ఊళ్లన్నిటినీ అబద్ధాలని కొట్టివేసి, ఫినీషియాకు దూరంగా, నైలునదికి చేరువగా ఉన్న నైసాను అది ప్రతిపాదిస్తుంది. గ్రీకు నగరాలు దేవుడి పుట్టుకను తమ సొత్తుగా చెప్పుకొంటున్నప్పుడు, ఎవరి అధీనంలోనూ లేని దూరదేశాన్ని ముందుకు తేవడం వాదపటిమ గల ఎత్తుగడ. హెరొడోటస్ కూడా నైసాను ఈజిప్టుకు ఆవల ఇథియోపియాలోనే ఉంచాడు.

ఈ దూరాన్ని చూసి డయొనైసస్ పరదేశం నుంచి ఆలస్యంగా వచ్చిన దేవుడని పూర్వ విమర్శకులు అనేకులు నిర్ణయించారు. 1952లో మైకేల్ వెంట్రిస్ లీనియర్ బి లిపిని ఛేదించాక, క్రీస్తుపూర్వం 13వ శతాబ్దం నాటి పైలోస్ మట్టిపలకల్లో ఆ పేరు బయటపడింది. కనుక నైసా దూరాన్ని వలసచరిత్రకు సాక్ష్యంగా చదవడం చెల్లదు. స్వదేశంలో ఉంటూనే పరాయివాడుగా కనిపించడం ఆ దేవుడి స్వభావం. నైసా ఆ స్వభావానికి భౌగోళికరూపం.

భారతదేశానికి సంబంధించిన నైసా కథ అరియన్ రచనలో ఉంది. కాబూల్ నదికీ సింధునదికీ నడుమ అలెగ్జాండర్‌ను కలిసిన ఆ పురవాసుల రాయబారి అకూఫిస్, తమ నగరాన్ని డయొనైసస్ స్థాపించాడని చెప్పాడు. భారతదేశంలో మరెక్కడా పెరగని ఐవీ తీగ తమ వద్ద పెరగడమే నిదర్శనమన్నాడు. పక్కనున్న కొండ పేరు మేరోస్; గ్రీకులో ఆ మాటకు తొడ అని అర్థం. మేరుపర్వతంతో దీని ధ్వనిసామ్యం తులనాత్మక అధ్యయనకారులను సహజంగానే ఆకర్షించింది. అయితే స్థానికమైన పేరును గ్రీకులు తమ కథకు అనువుగా విన్నారనడానికి మించి ఆ సామ్యం దేనినీ రుజువు చేయదు. పోల్చదలిస్తే ఆదిపర్వంలోని ఔర్వుని కథ మేలైన ఆధారం: అక్కడా శిశువు శత్రుభయంతో ఊరువులో దాగుతాడు, అక్కడా తరిమినవారు చూపు కోల్పోతారు. ఆ సామ్యం కథానిర్మాణానిది. రెండు కథలకూ మూలం ఒకటేనని దాన్నిబట్టి చెప్పలేం.

ఎరటోస్తనీస్ ఇలాంటి గాథలన్నీ అలెగ్జాండర్‌ను మెప్పించడానికి మాసిడోనియన్లు పెంచి చెప్పినవన్నాడు. ఆ సంశయం సమంజసమైనదే. ఆయన పట్టించుకోనిది మాత్రం కథలో అకూఫిస్ పాత్ర. చాలాకాలం తరువాత ఐవీని చూసి దండలల్లుకొన్న సైనికులకు నైసా దండయాత్రకు దైవసమ్మతి. అకూఫిస్‌కు అదే నైసా స్వాతంత్ర్యాన్ని కోరే వాదం. దేవుడు స్థాపించిన నగరాన్ని స్వతంత్రంగా విడిచిపెట్టమని అతడు అడిగాడు, అలెగ్జాండర్ ఒప్పుకొన్నాడు. అయితే మూడువందల ఆశ్వికులతోపాటు, పాలకవర్గంలోని నూరుగురు ఉత్తములను కూడా పంపమన్నాడు. అకూఫిస్ నవ్వాడు. నూరుగురు మంచివారిని పోగొట్టుకొన్న నగరం సవ్యంగా ఎలా నడుస్తుందని ప్రశ్నించి, వారికి బదులు రెండింతలమంది చెడ్డవారిని తీసుకుపొమ్మన్నాడు. అలెగ్జాండర్ ఆ నూరుగురిని అడగడం మానుకొన్నాడు. ఆశ్వికులు మాత్రం వెళ్లారు. వారివెంట అకూఫిస్ కొడుకూ, కూతురి కొడుకూ వెళ్లారు.