‘తీయించుకున్నది’ – ఒక క్రియాపదం గురించి

జుక్కల్‌లోనైనా, మరే పల్లెలోనైనా ‘గర్భసంచి తీయించుకున్నది’ అంటాం. ఈ వాక్యంలో కర్త ఆమే, కోసినవాళ్లు కనబడరు. ఎంత తీశారు, ఎందుకు తీశారన్న ప్రశ్నలకూ చోటు లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి లేనివారు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ‘ఉంచితే క్యాన్సరొస్తుంది’ అన్న భయానికి ఇందులో వాటా ఉంది.

విచిత్రమేమంటే, అసలు క్యాన్సర్‌లోనే వైద్యం తక్కువ కోయడం నేర్చుకుంటోంది. 2024లో వెలువడిన షేప్ అధ్యయనంలో 700 మంది స్త్రీలు పాల్గొన్నారు. గర్భాశయ ముఖద్వారంలో కణితి రెండు సెంటీమీటర్లు మించక, లోతుకు పాకకుండా ఉన్నవారు వీరు. చుట్టూ ఉన్న కణజాలాన్ని వదిలి గర్భసంచి వరకే తీసినవారిలో మూడేళ్లలో కటిభాగంలో వ్యాధి తిరగబెట్టింది 2.5 శాతం మందికి. పెద్ద ఆపరేషన్ అయినవారిలో 2.2. మూత్ర సమస్యలు మాత్రం తగ్గాయి. పిల్లలు కావాలనుకునే కొందరికి గర్భసంచిని ఉంచే మార్గమూ ఉంది.

కొలిచి కోయడం సాధ్యమైనప్పుడు, కొలవకుండా కోసిన దేహాల లెక్క ఎవరు చెప్పాలి? మన రచనల్లోనైనా ఆ క్రియకు అసలు కర్తను వెతుకుదాం.