గ్రహణపు పటమూ, గ్రహణమూ

ఉన్నత పాఠశాల పుస్తకాలలో చంద్రగ్రహణాన్ని వివరించే పటం అందరూ ఎరిగినదే. ఒక ప్రక్క సూర్యుడు, నడుమ భూమి, దాని వెనుక కొసదేరిన నీడ, ఆ నీడలో చంద్రుడు. గ్రహణం కలిగేది రాహువు మింగడం వల్ల కాదనీ, భూమి నీడ పడడం వల్లననీ ఈ పటం ఒక్క చూపులో తెలియజేస్తుంది. అది గొప్ప ప్రయోజనమే. అయితే పటంలోని గ్రహణాన్ని ఆకాశంలోని గ్రహణంతో పోల్చినప్పుడు మూడు లోపాలు బయటపడతాయి.

2023 అక్టోబరు 28 ఆశ్వయుజ పూర్ణిమ. ఆనాటి అర్ధరాత్రి దాటిన పిదప 1 గంట 5 నిమిషాలకు సంగారెడ్డిలో పాక్షిక గ్రహణపు పట్టు. 1 గంట 44 నిమిషాలకు మధ్యకాలం. 2 గంటల 20 నిమిషాలు దాటాక విడుపు. ఆ వేళ చంద్రుడు నడినెత్తి నుండి కొంత పడమటికి వాలి ఉన్నాడు, చేరువలోనే గురుగ్రహం. నీడ సోకినది దక్షిణపు అంచుకు మాత్రమే. వ్యాసంలో 12 శాతం, బింబ వైశాల్యంలో 6 శాతం. నీడలో నిండా మునిగిన చంద్రుని పటం చదివిన విద్యార్థి, “ఈ కొద్దిపాటి అంచే ఎందుకు నల్లబడింది? ప్రతి పున్నమికీ గ్రహణం ఎందుకు రాదు?” అని అడిగితే, పటంలో జవాబు లేదు. చంద్రుని కక్ష్య భూకక్ష్యా తలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉన్నది. అందుచేత చాలా పున్నములలో చంద్రుడు నీడకు పైగానో క్రిందుగానో సాగిపోతాడు. ఒక్కొక్కసారి నీడ అంచును రాచుకొని పోతాడు. మూడింటినీ ఒకే గీత మీద నిలిపిన పటం ఈ వాలును దాచివేస్తుంది. ఇది మొదటి లోపం.

రెండవది కొలత. భూమిని 1 సెంటీమీటరు గోళంగా గీస్తే, చంద్రుడు 30 సెంటీమీటర్ల దూరాన 3 మిల్లీమీటర్లకు లోపైన చుక్క కావాలి. సూర్యుడు 117 మీటర్ల దూరాన 109 సెంటీమీటర్ల గోళం కావాలి. చంద్రుడున్న చోట భూమి నీడ వెడల్పు 7 మిల్లీమీటర్లు మాత్రమే. చంద్రుడు ఆ నీడకు రెండున్నర సెంటీమీటర్లు పైకి గాని, క్రిందికి గాని తొలగి పోగలడు. గ్రహణం ఎంత అరుదైన కలయికో ఇప్పుడు తెలుస్తుంది. ఇది కాగితం మీద ఇమడదు, నిజమే. కాని బడి మైదానంలో ఇముడుతుంది.

మూడవ లోపం, చూచేవాడు ఎక్కడ నిలిచి ఉన్నాడో పటం చెప్పకపోవడం. 2021 నవంబరు 19న చంద్రవ్యాసంలో 97 శాతం నీడలో మునిగిన పాక్షిక గ్రహణం 3 గంటల 28 నిమిషాలు సాగింది. అలాస్కా ఉత్తరపు కొసన ఉన్న ఉట్కియాగ్విక్ అనే ఊరికి అది అర్ధరాత్రి వేళ. చలికాలపు పున్నమినాడు అక్కడ చంద్రుడు అస్తమించక ఆకాశం చుట్టూ తిరుగుతాడు. అదే క్షణాన సంగారెడ్డిలో మధ్యాహ్నం 2 గంటల 33 నిమిషాలు. చంద్రుడు ఇక్కడివారి పాదాల క్రింద, భూమికి ఆవలి ప్రక్కన ఉన్నాడు. 2023లో ఇది తారుమారైనది. సంగారెడ్డికి గ్రహణం కనిపించే వేళకు ఉట్కియాగ్విక్‌లో పగలు. చంద్రుడు దిగంతానికి దిగువన ఉన్నాడు. గ్రహణం అందరికీ ఒకే క్షణాన జరుగుతుంది. కనిపించేది మాత్రం చంద్రుడు దిగంతం పైన ఉన్నవారికే.

పత్రికలదీ ఇటువంటి లోపమే. గ్రహణమనగానే ఎర్రని చంద్రుని బొమ్మ వేయడం అలవాటు. ఆ రాగివర్ణం సంపూర్ణ గ్రహణానికి చెందినది. 6 శాతం గ్రహణంలో మిగిలిన బింబపు కాంతి దానిని కనబడనీయదు. ఎరుపు కోసం చూచిన బాలుడు నిరాశపడి, శాస్త్రమే అబద్ధమనుకొనే ప్రమాదం ఉన్నది. ఇక పంచాంగంలోని పట్టు విడుపుల వేళలను నమ్మి, నీడను నమ్మకపోవడం విచిత్రం. ఆ వేళలు నీడను గణించగా వచ్చినవే. చంద్రుని కప్పేది భూమి నీడయేనని ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథంలోనే చెప్పియున్నాడు.

పటాన్‌చెరు కర్మాగారాల దీపాల వెలుగులో పాలపుంత కనిపించదు. కాని చంద్రగ్రహణానికి ఆ వెలుగు అడ్డు కాదు. దుర్భిణీ కూడా అక్కరలేదు. 2028 డిసెంబరు 31 రాత్రి ఇక్కడ సంపూర్ణ గ్రహణం కనిపించనున్నది. దానికి ముందూ వెనుకా పాక్షిక దశ ఉంటుంది. విద్యార్థి పది నిమిషాలకొకసారి చంద్రబింబాన్ని, నీడ అంచును గీసికొని, ఆ వంపును వృత్తలేఖినితో పూర్తి చేస్తే, నీడ వృత్తం చంద్రునికి సుమారు రెండున్నర రెట్లకు మించి ఉన్నట్లు తానే కనుగొనగలడు. భూమి గుండ్రన అనే మాటకు అంతకంటె మంచి సాక్ష్యం ఏ పుస్తకంలోనూ లేదు. పుస్తకంలోని పటం ఆ ఆకాశం వైపు చూపే వేలు మాత్రమే. ఉపాధ్యాయుడు వేలి దగ్గరే ఆగిపోతే విద్యార్థికి మిగిలేది మార్కులే.