నవ్వేదెవరు? పడేదెవరు?

హాస్య సినిమా మీద విమర్శ రాసే అలవాటు మనకు దాదాపు లేదు. కన్నీళ్ళ సినిమా మీద రాస్తాం. ఎర్ర సినిమా మీద సభలు పెడతాం. కామెడీ దగ్గరికి వచ్చేసరికి నోటిమాటతో సరిపెట్టుకుంటాం. ‘టైంపాస్’, ‘నవ్వుకున్నాం, పైసా వసూల్’, ‘కథేం లేదుగానీ కామెడీ పండింది’, ‘బుర్ర ఇంట్లో పెట్టి వెళ్ళాలి’. అశ్వారావుపేట బస్టాండులో విన్నా, సత్తుపల్లి టీకొట్టు దగ్గర విన్నా, హైదరాబాదు హాస్టల్ గదుల్లో విన్నా ఇవే మాటలు. ఉద్యమంలో ఉన్నవాళ్ళ నోటా ఇవే. వీటిని ఊరికే అన్న మాటలుగా వదిలేయకుండా చర్చకు పెట్టాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. కులం శాస్త్రాల్లో ఎంత దాక్కుని ఉందో, ఊరికే అన్న మాటల్లో అంతకంటే ఎక్కువే దాక్కుని ఉంది.

‘బుర్ర ఇంట్లో పెట్టి వెళ్ళు’ అన్న సలహానే తీసుకోండి. అట్లా వెళ్ళగలిగే ప్రేక్షకుడు ఎవరు? తెర మీద తన రంగును, తన వృత్తిని, తన పేరును, తన యాసను ఎవరూ వెక్కిరించరని ధీమా ఉన్నవాడు. మిగతావాళ్ళకు ఆ సౌకర్యం లేదు. తనమీద జోకు ఎప్పుడొచ్చి పడుతుందో తెలియక సగం మనసును కాపలా పెట్టుకుని కూర్చుంటారు. హాలంతా నవ్వుతుంటే వాళ్ళూ నవ్వుతారు. ఆ నవ్వును చూపించి ‘వాళ్ళకే లేని బాధ నీకెందుకయ్యా’ అని మనల్ని అడుగుతారు.

అడవి అంచు నుంచి

అశ్వారావుపేట ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. జంగారెడ్డిగూడెం రోడ్డు పట్టుకుంటే కాసేపట్లో ఆంధ్ర వచ్చేస్తుంది. అడవి పల్లెల్లో కోయలు, కొండరెడ్లు. ఊళ్ళ చివర మాల మాదిగ పల్లెలు. కోస్తా నుంచి వచ్చి భూములు చేస్తున్న రైతులు. చుట్టూ పామాయిల్ తోటలు, వాటికో ఫ్యాక్టరీ. 2009 ఎన్నికల నుంచి ఇది ఎస్టీ రిజర్వుడు నియోజకవర్గం. తెలుగు కామెడీ ఏళ్ళ తరబడి వాడి అరగదీసిన సరుకులు రెండున్నాయి: ఒకటి ఆదివాసీ, రెండు యాస. ఆ రెండూ ఇక్కడ నిజం మనుషుల రూపంలో సంతకు వస్తాయి, రేషన్ షాపు దగ్గర నిలబడతాయి. కామెడీని తూచడానికి ఇంతకంటే మంచి చోటు ఏముంది?

సినిమాలో ‘కోయదొర’ ఎట్లా ఉంటాడో మనందరికీ తెలుసు. నెత్తిన ఈకలు, మెడలో పూసలు, ఎముకలు, నడుముకు ఆకులు. వేర్లు అమ్ముతాడు, జాతకం చెబుతాడు, అర్థం లేని అరుపుల్ని భాష అంటాడు. హీరో దాక్కోవాల్సి వచ్చినా ఆ వేషమే వేస్తాడు. ఇటు మన కోయ మనిషిని చూడండి. పోడు కొడతాడు, పత్తి వేస్తాడు, పామాయిల్ గెలలు కోసే కూలికి పోతాడు, పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. ఆయన భాష గోండికి దగ్గరి చుట్టం, ద్రావిడ భాషల్లో ఒకటి, దానికి దాని వ్యాకరణం ఉంది. హాస్టల్లో కోయ పిల్లవాడు వాళ్ళ అమ్మతో ఫోనులో ఆ భాష మాట్లాడుతుంటే పక్క మంచం వాడు సినిమా అరుపులు అరిచి వెక్కిరించాడనుకోండి, ఆ అరుపు వాడు ఎక్కడ నేర్చుకున్నట్టు? ఆ పాఠం చెప్పిన సినిమాను మనం ‘టైంపాస్’ అంటున్నాం. నవ్వే పిల్లవాడికి అది టైంపాసే. వినే పిల్లవాడు మాత్రం అప్పటినుంచి ఫోను పట్టుకుని గోడ అవతలికి పోయి మాట్లాడతాడు.

ఆదివాసీకి హాస్యం తెలియదా అంటే, అదీ కాదు. ఏజెన్సీలో భూమి పండుగ వేటకు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఆటపట్టిస్తారు. మగవాడి గొప్పను అందరి ముందూ దించే హాస్యం అది. నవ్వే వంతు అందరికీ వస్తుంది, పడే వంతూ అందరికీ వస్తుంది. సినిమా కోయదొరకు నవ్వే వంతు రాదు. తేడా అక్కడుంది.

పడటం ఒక ఉద్యోగం

కారంచేడు 1985లో. చుండూరు 1991లో. ఆ రెంటి మధ్య కాలంలోనే తెలుగులో పూర్తి హాస్యచిత్రం అనే సరుకుకు గట్టి మార్కెట్ ఏర్పడింది. ‘లేడీస్ టైలర్’ 1986లో, ‘అహ నా పెళ్ళంట’ 1987లో వచ్చాయి. దీనికీ దానికీ కార్యకారణ సంబంధం ఉందని నేను అనను. కానీ మాలపల్లెలూ మాదిగపల్లెలూ నెత్తురు కక్కుతున్న ఏళ్ళలో తెలుగు మధ్యతరగతి దేనికి కడుపుబ్బ నవ్వుకుందో చూసుకోవాల్సిన అవసరం మనకుంది. ఆ హాస్యంలో పిసినారి ఉన్నాడు, పెళ్ళిచూపులున్నాయి, ఇంటి యజమాని ఉన్నాడు. ఊరవతల పేట మాత్రం లేదు.

తర్వాతి పదేళ్ళలో పేట మనిషి కామెడీలోకి వచ్చాడు. వచ్చి పడ్డాడు. మాట అక్షరాలా అదే. బాబూమోహన్ ఖమ్మం జిల్లా బీరోలు మనిషి. ‘మామగారు’ (1991)లో బిచ్చగాడి వేషం ఆయన్ని ఇంటింటికీ తెలిసేలా చేసింది. అక్కడినుంచి కోట శ్రీనివాసరావుతో జంట కుదిరింది. కోట తన్నడం, బాబూమోహన్ పడటం. తన్నే కాలూ పడే నడుమూ సినిమా తర్వాత సినిమాలో అవే. 2025 జులైలో కోట చనిపోయినప్పుడు ఆ జంటను జనం మళ్ళీ తలచుకున్నారు. ఇద్దరూ గొప్ప నటులే, అందులో వాదన లేదు. బాబూమోహన్ పడటంలో ఒక లయ ఉంటుంది. పడి లేచి చూసే చూపులో తన్నినవాడి గొప్ప మొత్తం గాలి తీసిన టైరైపోతుంది. ఆ చూపు ఆయన సొంతం, ఏ డైలాగు రచయితా రాసిచ్చింది కాదు.

అయితే ఒకటి గమనించాలి. 1999 ఎన్నికల్లో ఈ ఇద్దరూ ఒకే శాసనసభలోకి వెళ్ళారు. కోట విజయవాడ తూర్పు నుంచి బీజేపీ తరఫున, బాబూమోహన్ ఎస్సీ రిజర్వుడు స్థానం ఆందోల్ నుంచి తెలుగుదేశం తరఫున. బాబూమోహన్ మంత్రి కూడా అయ్యాడు. సభలో ఇద్దరిదీ ఒకే ఓటు, ఒకే విలువ. తెర మీద మాత్రం తన్నే వంతు ఎప్పుడూ మారలేదు. అంబేద్కర్ రాజ్యాంగ సభలో చెప్పిన వైరుధ్యం, రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం అన్నది, మన కామెడీ ట్రాకులో ఇంత పచ్చిగా కనిపిస్తుంటే ఏ సమీక్షకుడూ రాయలేదు. ‘మాయలోడు’ (1993)లో ఇదే బాబూమోహన్ సౌందర్యతో వానపాటలో ఆడితే హాళ్ళు ఊగిపోయాయి. పడే మనిషి నిలబడి ఆడితే చూడటానికి జనం సిద్ధంగానే ఉన్నారన్నమాట. సిద్ధంగా లేనిది పరిశ్రమే.

ఎవరి నొప్పికి విలువ

‘జోకును జోకులాగా తీసుకోవాలి’ అన్నది ఇంకో నోటిమాట. ఈ మాట ఎవరికి చెబుతారు, ఎవరికి చెప్పరు? 2012లో ‘దేనికైనా రెడీ’లో తమను కించపరిచారని బ్రాహ్మణ సంఘాలు రోడ్డెక్కాయి. 2017లో ‘దువ్వాడ జగన్నాథమ్’ పాటలో కొన్ని మాటల మీద అభ్యంతరం వస్తే ఆ మాటలు మార్చారు. కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’ నాటకంలో సుబ్బిశెట్టి పాత్ర మీద ఆర్యవైశ్య సంఘాలు చాలాకాలం పోరాడితే 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. వాళ్ళకు నొప్పి కలగలేదని మనం అనకూడదు. వెక్కిరింపు ఎవరికైనా నొప్పే. కింది కులాలు ఎన్నడూ గెలవలేదనీ అనకూడదు. 2019లో బోయ వాల్మీకి సంఘాలు కోర్టుకు పోతే ‘వాల్మీకి’ అన్న సినిమా పేరు ‘గద్దలకొండ గణేష్’గా మారింది. కాబట్టి సంఘం ఉన్న నొప్పికి, లాయరు ఉన్న నొప్పికి విలువ ఉంది. నల్లపిల్లను చూపించి హీరో జడుసుకునే జోకుకు, చాకలి, మంగలి, గొల్ల, మాదిగ వృత్తుల్ని తిట్లుగా వాడే జోకుకు, ఆకులు కట్టిన కోయదొరకు ఆ విలువ ఇంకా రాలేదు.

నోటిమాటకు కూడా కులాన్ని బట్టే తూకం. సినిమా విమర్శకుడు కత్తి మహేష్ టీవీలో రాముడి గురించి అన్న మాటలకు 2018 జులైలో పోలీసులు ఆయన్ని ఆరు నెలలు హైదరాబాదు నుంచి బహిష్కరించారు. ఆ మాటలతో ఏకీభవించడం, విభేదించడం వేరే సంగతి. కొందరు వేదిక ఎక్కి ఏమన్నా ‘సరదాకి అన్నాడు’ అవుతుంది. ఒక దళితుడు అన్నది ఊరి శాంతిభద్రతల సమస్య అవుతుంది. సరదా కూడా ఒక ఆస్తే, దానికీ వారసులున్నారు. ఇదే మహేష్ 2015లో జనం దగ్గర చందాలు పోగేసి ‘పెసరట్టు’ అనే హాస్యచిత్రం తీశాడు. 2021లో రోడ్డు ప్రమాదం తర్వాత చనిపోయాడు. ఆయన తగాదాలు గుర్తున్నంతగా ఆయన కామెడీ తీశాడన్న సంగతి మనవాళ్ళకే గుర్తులేదు.

ఫెస్టివల్ వాకిట్లో

హాలు సంగతి ఇట్లా ఉంటే ఫిల్మ్ ఫెస్టివల్ వైపు చూద్దాం. అక్కడ మనకు చోటు దొరుకుతోంది. నాగరాజ్ మంజులే ‘ఫాండ్రీ’ 2013లో ముంబై ఫెస్టివల్లో బహుమతి పొందింది. 2019 ఫిబ్రవరిలో న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో దళిత చిత్రోత్సవం జరిగింది. చెన్నైలో పా. రంజిత్ నీలం సంస్థ, తొలి మలయాళ చిత్ర నాయిక, దళిత స్త్రీ పి.కె. రోజీ పేరు మీద ఉత్సవం జరుపుతోంది. ఇవన్నీ కావాల్సినవే. కానీ మామూలు ఫెస్టివల్ ప్రేక్షకుడి నోటిమాటలు కూడా వినండి: ‘కదిలించింది’, ‘కలచివేసింది’, ‘కఠోర వాస్తవం’. అంటే మనం ఏడిస్తేనే కళ. హాలు మనల్ని చూసి నవ్వుతుంది, ఫెస్టివల్ మనల్ని చూసి కన్నీరు పెడుతుంది. మనం నవ్వడం ఇద్దరికీ అక్కర్లేదు.

‘ఫాండ్రీ’ నిజానికి నవ్వు గురించిన సినిమా. కైకాడి కుర్రాడు జబ్యా, వాళ్ళ ఇంటివాళ్ళు ఊరి పందిని తరుముతుంటే ఊరంతా గోడలెక్కి కేకలేసి నవ్వుతుంది. బడి పిల్లలు నవ్వుతారు. తాను ఇష్టపడిన పిల్లా అక్కడే ఉంటుంది. చివరికి జబ్యా విసిరిన రాయి తెర మీదనుంచి నేరుగా మన మీదికొస్తుంది. అప్పటిదాకా ఆ తరుముడు చూసి హాల్లో నవ్వినవాళ్ళెవరో వాళ్ళకు తెలుసు. కామెడీ సినిమా మీద ఇంతకంటే గట్టి విమర్శ వ్యాసంలో రాయలేం.

తెలుగులో దారి మారుతున్న జాడలు కొన్ని ఉన్నాయి. ‘సినిమా బండి’ (2021) నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చి, 2022లో గోవా ఇండియన్ పనోరమాలో చేరింది. ఆటో డ్రైవరుకు కెమెరా దొరికితే మంగలి షాపు కుర్రాడు హీరో, కూరగాయలమ్మే పిల్ల హీరోయిన్. వాళ్ళ తప్పులకు నవ్వుతాం, వాళ్ళను చూసి నవ్వం. సరిహద్దు యాస అందులో జోకు కోసం పెట్టింది కాదు, ఆ మనుషుల మాట. అశ్వారావుపేట లాంటి రెండు యాసల ఊళ్ళో ఈ తేడా చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. ‘బలగం’ (2023)ను తెలంగాణ పల్లెల్లో వీధిలో తెర కట్టుకుని ఊరంతా కూర్చుని చూశారు. పాసులూ అతిథులూ లేని ఫెస్టివల్ అంటే అదే. తీసినవాడు వేణు యెల్దండి, స్వయంగా కమెడియన్. అయితే అందులోనూ ఒక పంపకం ఉంది. నవ్వు ఇంటివాళ్ళకు వచ్చింది, ఏడుపు పాట బుడగజంగాల వంతుకు వచ్చింది. ఆ పాట పాడిన మొగిలయ్య 2024 డిసెంబరులో జబ్బుతో పోయాడు.

అన్నిటికంటే మనం మాట్లాడుకోవాల్సింది ‘మార్టిన్ లూథర్ కింగ్’ (2023) గురించి. 2021 నాటి తమిళ ‘మండేలా’కు ఇది తెలుగు రూపం. పూజ కొల్లూరు తీసింది, సంపూర్ణేష్ బాబు నటించాడు. తమిళంలో మంగలి, తెలుగులో చెప్పులు కుట్టేవాడు. చెట్టు కింద బతికే, సరైన పేరు కూడా లేని ఆ మనిషికి పోస్టాఫీసులో ఓ పేరు దొరుకుతుంది. పంచాయతీ ఎన్నికల్లో రెండు వర్గాలు సమానంగా తేలితే అతని ఒక్క ఓటే ఊరి తలరాత అవుతుంది. నిన్నటిదాకా తన్నిన కాళ్ళు వచ్చి అతని గడప ముందు నిలబడతాయి. కోట, బాబూమోహన్ ట్రాకు ముప్పై ఏళ్ళ తర్వాత తిరగబడినట్టుంటుంది. కానీ ఊరి కులాలకు ఉత్తరం, దక్షిణం అని దిక్కుల పేర్లు పెట్టారు. మన పల్లెలో చెప్పులు కుట్టేవాడు ఏ దిక్కువాడో ఎవరూ అడగరు, ఏ కులంవాడో అందరికీ తెలుసు. అమెరికా నల్లజాతి నాయకుడి పేరు పెట్టడానికి వచ్చిన ధైర్యం సొంత ఊరి కులం పేరు పలకడానికి ఎందుకు రాలేదు? ఆ సినిమా థియేటర్లలో పెద్దగా నడవలేదు. మన సంఘాలు కూడా దాన్ని భుజానికెత్తుకోలేదు, కామెడీ కదా అని.

మన నవ్వు మనకు

మన దగ్గర నవ్వు లేక కాదు ఇదంతా. చిందు మాదిగలు ఆడే జాంబపురాణంలో జాంబవంతుడు బ్రాహ్మణుడితో వాదానికి దిగి, పుట్టుక లెక్కలు అడిగి నోరు మూయిస్తాడు. గూడెమంతా పగలబడి నవ్వుతుంది. పగటివేషాల వాళ్ళు కరణాన్ని, షావుకారును వాళ్ళ వాకిట్లోనే అనుకరించి వాళ్ళ చేతే గింజలు పెట్టించుకున్నారు. కింది నుంచి పైకి విసిరే నవ్వు మన ఆస్తి. సినిమా ఆ దిక్కును తిప్పేసి పైనుంచి కిందికి విసిరింది. తిప్పింది తిప్పినట్టే మనం చూస్తూ వచ్చాం.

కాబట్టి నవ్వడం మానేయమని ఎవరికీ చెప్పడం లేదు. టీచర్లు పిల్లలతో, కార్యకర్తలు సంఘంలో, విద్యార్థులు హాస్టల్లో కామెడీ సినిమా చూసినప్పుడు మూడు ప్రశ్నలు అడిగించాలి. ఇందులో పడింది ఎవరు? పడినవాడికి తిరిగి నవ్వే వంతు వచ్చిందా? ఈ జోకు ఆ మనిషి పక్కన కూర్చుని ఉంటే కూడా వేయగలమా? ఈ మూడింటికీ జవాబు చెప్పుకున్నాక కూడా నవ్వొస్తే హాయిగా నవ్వాలి. ఆ నవ్వు గట్టిది. కోయ, మాల, మాదిగ పల్లెల్లో ఫోను కెమెరాతో చిన్న చిన్న ఫిల్ములు తీస్తున్న పిల్లలకు చెప్పాల్సింది కూడా ఒకటుంది. మన కన్నీళ్ళు తీసేవాళ్ళు చాలామంది వచ్చారు. మన వెటకారం తీసేవాళ్ళు ఇంకా రావాలి.