చేతిఫోను వాద్యములు – వాని ఆయుర్దాయము

వాద్యము పాతబడుట వేరు, మాయమగుట వేరు. వీణకు మైనము సడలి మెట్లు కదలినచో పనివానిని పిలిపించి మరల మేళము కట్టించుకొందుము. మృదంగమునకు తోలు చినిగినచో కొత్త మూత వేయింతుము. తంబురా బుఱ్ఱ బీట వారినను అతికించి మరి పదియేండ్లు మీటినవారిని ఎరుగుదుము. వాద్యము ముసలిదగుటలో ఒక మర్యాద కలదు. అది మనకు ముందుగా తెలియజేయుచు మెల్లమెల్లగా క్షీణించును. చేతిఫోనులో వాయించు వాద్యములకు ఈ మర్యాద లేదు. నిన్న రాత్రి పలికినది నేటి ఉదయము పలుకదు. ఎందుకు పలుకదని అడుగుటకు ఎదుట మనిషియు ఉండడు. తనతో కట్టిన వరుసలను, పట్టిన పాటలను కూడ అది వెంటబెట్టుకొని పోవును.

ఫోనులోని ఇట్టి పనిముట్టును యాప్ అనుచున్నారు. మన పెద్దలలో కొందఱు దీనిని ఆటవస్తువని త్రోసివేయుచున్నారు గాని నేను ఆ పక్షమున లేను. 2008లో స్మ్యూల్ అను అమెరికా సంస్థ ఒకారినా అను యాప్‌ను వెలువరించినప్పుడు, మాటలాడుటకు ఉంచిన మైకులోనికి ఊదుచు, అద్దముపై గల నాలుగు వలయములను వ్రేళ్ళతో మూయుచు తెరచుచు పిల్లనగ్రోవి వలె వాయింపవచ్చునని జనులు చూచి ఆశ్చర్యపడిరి. 2012లో స్వీడన్ దేశపు ప్రొపెల్లర్‌హెడ్ సంస్థవారి ఫిగర్ వచ్చెను. అందు తాళవాద్యము, మంద్రస్వరము, పైపాట అను మూడింటిని తెరపై వ్రేలు జరుపుటచేతనే కల్పింపవచ్చును. స్వరజ్ఞానము లేనివాడును రైలులో కూర్చుండి ఒక చిన్న వరుస కట్టగలిగెను. ఆ వరుస గొప్పదా కాదా అనునది వేరు ప్రశ్న. వినుటకు మాత్రమే అలవడిన మనుష్యునిచేత ఏదో యొకటి కట్టించినది. నా లెక్కలో అది చిన్న మేలు కాదు.

మన ఇండ్లలో ఈ యాప్‌ల ప్రవేశము వేరు త్రోవను జరిగినది. తంబురా శ్రుతియు, తబలా ఠేకాయు, ఆదితాళపు లెక్కయు ముందు వచ్చినవి. పాఠము చెప్పుకొను బాలిక తెరపై ఐదున్నర శ్రుతిని ఎంచుకొని కూర్చుండును. కొన్నాళ్ళకు తన గొంతును అందే పట్టును. దానిపై మరియొక గొంతు, ఆపై వీణవంటి నాదమొకటి చేర్చి, ఇది నేను చేసితినని ఇంటిల్లిపాదికిని వినిపించును. కన్నడ దేశములో పుట్టి పెరిగి, తెలుగు అక్షరములు అంతంతమాత్రముగా వచ్చిన మన పిల్లలకు త్యాగరాజస్వామి తెలుగు నోటికి అందిన త్రోవలలో ఇదియు ఒకటి. కావున ఈ యాప్ ఒకటి నిలిచిపోయినప్పుడు పోవునది ఆటవస్తువు కాదు.

నిలిచిపోయిన సందర్భములు ఈ పదియేండ్లలో తక్కువ కావు. ఆపిల్ సంస్థ 2017 సెప్టెంబరులో ఐఓఎస్ 11 అను కొత్త ఏర్పాటును విడుదల చేసెను. 32 బిట్ల పద్ధతిలో వ్రాయబడి, మరల సవరింపబడని యాప్‌లన్నియు దానిని ఎక్కించుకొన్న ఫోనులలో తెరచుకొనుట మానినవి. సంగీతపు యాప్‌లును వానిలో కలవు. ఫోను చెడలేదు, యాప్ చెడలేదు. రెండును బాగుగనే ఉండగా వాని నడుమ మాట నిలిచిపోయినది. కొందఱు ఆ ఒక్క యాప్ కొఱకు పాత ఫోనునకు కొత్త ఏర్పాటు ఎక్కింపక, వాద్యమును గవిసెనలో దాచినట్లు దాచుకొనిరి. అదే యేడు నవంబరులో గిటారులకు పేరుపడిన గిబ్సన్ సంస్థ, తన చేతిలోనున్న కేక్‌వాక్ అను సంగీతరచనా సాధనపు పనిని నిలిపివేయుచున్నట్లు ప్రకటించెను. అది ఫోనుది కాదు, కంప్యూటరుది. కాని సంగతి ఒక్కటియే. జీవితకాలపు సవరణలని చెప్పి 2016లో దానికి సొమ్ము పుచ్చుకొనియుండిరి. జీవితకాలమనగా కొన్నవాని జీవితకాలమా, అమ్మినవాని ఓపిక ఉన్నంతకాలమా? 2018 ఫిబ్రవరిలో సింగపూరునకు చెందిన బ్యాండ్‌ల్యాబ్ సంస్థ దానిని కొని ఉచితముగా ఇచ్చుటచే ఆ కథ అప్పటికి చక్కబడినది. 2019లో, ఫిగర్ వంటివానితో కట్టిన వరుసలను పంచుకొనుటకు ఏర్పడిన అల్లిహూపా అను వేదిక మూతపడెను. ఆ యేడే మైస్పేస్ సంస్థవారు, 2015కు ముందు జనులు తమవద్ద ఉంచిన పాటలు ఒక యంత్రమునుండి వేరొక యంత్రమునకు తరలించుటలో పోయినవని ఒప్పుకొనిరి. పోయినవి ఐదు కోట్లకు పైబడిన పాటలని పత్రికలు వ్రాసినవి.

ఇట్టి వేళలలో వాడుకొనువారు పెట్టు మొరలన్నియు ఒక తీరువి కావు. విమర్శకుడైనవాడు వానిని వేరుపరచి చూడవలెను. సొమ్ము పోయినదను ఏడుపు నాకు అంతగా పట్టదు. దర్శినిలో నలుగురము కాఫీ త్రాగిన సొమ్మిచ్చి యాప్ కొని, అది మనుమల కాలమువఱకు పనిచేయవలెననుట అత్యాశ. ‘పోనిమ్ము, వేరొకటి దింపుకొనుము’ అను సలహా మఱియు చులకనైనది. ఇట్లు చెప్పువారు వాద్యము చేతికి అలవడుటకు పట్టు కాలమును లెక్కించలేదు. వేణువు మార్చుకొన్న విద్వాంసుడు కూడ కొన్ని నెలలు తడబడును గదా! ఇక, ‘నేను కట్టినది నాకు తీసి ఇమ్ము, తరువాత తలుపు మూసికొనుము’ అను మొర ఉన్నది. నా దృష్టిలో దీనికి బదులు చెప్పుట ఏ సంస్థకును సాధ్యము కాదు. పనిముట్టు వానిదే కావచ్చును. వరుస కట్టినవారిదే. కంసాలి కొట్టు మూసినంతమాత్రమున, చేయుటకిచ్చిన నగ వానిదగునా?

తయారుచేయువాని పక్షమును కూడ వినవలెను. ఫోను సంస్థలు ఏటేట ఏర్పాటు మార్చుచుండగా, యాప్ వ్రాసినవాడు ఏటేట దానిని సరిదిద్దుకొనుచుండవలెను. అనేక సంగీత యాప్‌ల వెనుక పెద్ద కొలువు లేదు. ఒక్కడే కూర్చుండి వ్రాసినవి కలవు. ఒకసారి వచ్చిన వందకో రెండు వందలకో పదేండ్లు చాకిరి చేయుమనుట న్యాయము కాదు. 32 బిట్ల విషయములోను కొత్త యాప్‌లు 64 బిట్లలో ఉండవలెనని ఆపిల్ సంస్థ 2015లోనే నియమము పెట్టినది. అనగా తయారుచేసినవారికి రెండేండ్లకు పైగా వ్యవధి ఉన్నది. వాడుకొనువారికి ఆ వ్యవధి సంగతి ఎవరు చెప్పిరి? నేను గుమాస్తాగా పనిచేసినవాడను. మా కొలువులో బదిలీ అయిన చిన్న గుమాస్తా కూడ ఏ బీరువాలో ఏ ఫైలు ఉన్నదో జాబితా వ్రాసి, వచ్చినవానిచేత సంతకము పెట్టించి, చార్జి అప్పగించి గాని కుర్చీ దిగెడివాడు కాడు. పని మానుకొనుట తప్పు కాదు. అప్పగింత లేకుండ మానుకొనుట తప్పు.

మన బెంగుళూరే ఈ విషయమున మంచి పోలికను ఇచ్చుచున్నది. ఎలక్ట్రానిక్ తంబురా పుట్టినది ఈ ఊరిలోనే. ఇంజనీరును వేణువాదకులునైన జి. రాజ్ నారాయణ్ గారు 1979లో దానిని రూపొందించిరి. తరువాత వారి రాడెల్ సంస్థ దానిని దేశమంతట వ్యాపింపజేసినది. తీగ నాదములోని జీవము ఈ పెట్టెకు ఎక్కడిదని పెదవి విరిచినవారు లేకపోలేదు. వారి మాట అబద్ధమును కాదు. మంచి తంబురాను చక్కగా శ్రుతిచేసి మీటునప్పుడు మంద్రషడ్జమములో తానై వినబడు అంతరగాంధారము ఆ పెట్టెలో నాకు ఎన్నడును అంత నిండుగా వినబడలేదు. అయినను బస్సులో తంబురా మోయలేని విద్యార్థికిని, మీటుటకు రెండవ మనిషి లేని ఇల్లాలికిని అది శ్రుతిదానము చేసినది. చామరాజపేట కోటహైస్కూలు ఆవరణలో జరుగు శ్రీరామనవమి కచేరీలకు పోవువారికి వేదికపై ఆ పెట్టె కొత్త కాదు.

ఆ పెట్టెకును యాప్‌నకును గల భేదము నాదములో లేదు. కొన్న దినమునుండి పెట్టెకు మనమే యజమానులము. దానికి కావలసినది విద్యుత్తు. మీట విరిగినచో మార్పించుకొందుము. తయారుచేసినవారు రేపు వేఱు వ్యాపారము పెట్టుకొన్నను మన గూటిలోని పెట్టె పలుకుచునే ఉండును. యాప్ అట్లు కాదు. అది మన చేతిలో ఉన్నట్లు కనబడును గాని దాని ముడి వేరొకరి చేతిలో ఉన్నది.

దీనికి వాద్యచరిత్రలోనే ఒక సాక్ష్యము కలదు. ఆలిండియా రేడియో వారు 1940లో హార్మోనియమును ప్రసారములనుండి బహిష్కరించిరి. గమకము పలుకదనియు, విదేశపుదనియు దానిపై నేరములు మోపిరి. 1971 వఱకు, అనగా ముప్పదియొక్క యేండ్లు, ఆ నిషేధము సడలలేదు. ప్రభుత్వమే కాదన్నను హార్మోనియము మూగవోయినదా? మన పద్యనాటకములలో రాగము తీయు నటునికి ఊపిరి అందించినది ఆ పెట్టెయే. భజనమందిరములలోను అదియే. ఎవరి ఇంటిలోని హార్మోనియమును వారు వాయించుకొనుటకు రేడియో వారి అనుమతి అక్కరలేకపోయెను. దొరతనపు నిషేధము చేయలేని పనిని ఇప్పుడు ఒక వ్యాపారసంస్థ లెక్కల పుస్తకములోని గీత ఒకటి చేయుచున్నది.

కట్టిన పాట నిలుచుట వాద్యముకంటెను పెద్ద విషయము. సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురమున అచ్చుపడెను. తమిళదేశపు సంస్థానములో అచ్చైన ఆ గ్రంథము తెలుగు లిపిలో ఉన్నది. గమకములకు కూడ వేరువేరు గుర్తులు అందున్నవి. నూట ఇరువదియేండ్లు గడచినను తెలుగు అక్షరములు వచ్చి, ఆ గుర్తుల పట్టిక చూచుకొన్నవాడు నేడు దానిని విప్పి పాడుకొనవచ్చును. ఎవరి సెలవును పుచ్చుకొననక్కరలేదు. యాప్ తన సొంత గుర్తులలో దాచిన పాటకు ఆ భాగ్యము లేదు. ఆ గుర్తుల పట్టిక యాప్‌తో పాటే పోవును.

మా బంధువర్గములోనే జరిగిన సంగతి యొకటి చెప్పెదను. మా వదినగారు హిందూపురపు పిల్ల. పెండ్లియై ఈ ఊరికి వచ్చి యాబదియేండ్లకు పైగా ఇచ్చటనే కాపురముండిరి. ఆమెకు హారతి పాటలు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు నోటికి వచ్చును. ఏ పుస్తకములోను నేను చూడనివి వానిలో కొన్ని కలవు. ఆమె మనుమరాలు ఫోనులో ఒక యాప్‌తో అందు పదునొకండు పాటలు పట్టినది. క్రింద తంబురా శ్రుతి పెట్టి, నాయనమ్మ గొంతును ఒక వరుసలోను, తన గొంతును వేరొక వరుసలోను ఉంచినది. వదినగారు గతించిరి. తరువాత ఏడాది తిరుగకముందే ఆ యాప్ నిలిచిపోయినది. ఎప్పుడో ఒక నోటీసు పంపితిమని దానివారు అనిరట. ఆ పిల్ల అది చూడలేదు, చూచినను పదునొకండు పాటలను బయటికి తీయు దారి అందు తెలుపలేదు. నాలుగు పాటలు మాత్రము మిగిలినవి. అవి మిగులుటకు కారణము, లోగడ హోసూరునందలి మేనత్తకు వాట్సాప్‌లో మామూలు ఆడియో ఫైళ్ళుగా పంపియుండుటయే. ఆ నాలుగింటిలో రెండు గొంతులును కలిసిపోయి ఉన్నవి. నాయనమ్మ గొంతును వేరుగా విను వీలు లేదు. తక్కిన ఏడింటిలో మూడింటి మాటలను మా అక్కగారు జ్ఞాపకము చేసికొని చెప్పగా వ్రాసికొంటిమి. మట్టులు సందేహమే. నాలుగు పాటలు పూర్తిగా పోయినవి.

ఈ సంగతి విన్న కొందఱు పిల్లల అజాగ్రత్తయని కొట్టివేసిరి. నేను ఒప్పుకొనను. యాప్‌ను అమ్మునప్పుడు ఎన్ని నాదములు కలవో, ఎన్ని వరుసలు చేర్చవచ్చునో మొదటి తెరపైననే వర్ణింతురు. కట్టినదానిని ఎట్లు బయటికి తీయవలెనో వెదకి వెదకి తెలిసికొనవలెను. వీణను అమ్మువాడు గవిసెనను దాచి అమ్మినట్లున్నది. మనవారును ఈ విషయమున గట్టిగా అడుగుట లేదు. అడుగువారు కొందఱు ఉన్నను, నిలిచిపోయిన తరువాత అడుగుచున్నారు. మన సంఘములు తెలుగు పాటల పోటీలు పెట్టునప్పుడు పిల్లలకు బహుమతితో పాటు, వారు పాడినదానిని మామూలు ఫైలుగా వారి చేతికిచ్చి, ప్రతి యొకటి సంఘపు బీరువాలోని డిస్కులో ఉంచుటకు ఏమంత ఖర్చగును? మాటలు తెలుగు లిపిలో వ్రాసి జతచేసినచో మఱియు మేలు. రాని పిల్లలు కన్నడ లిపిలో వ్రాసినను సరే. రెండు లిపులును దాయాదులే గదా.

ఆ పిల్ల ఇప్పుడు కొత్త యాప్ ఎంచుకొనునప్పుడు ముందుగా నాదము వినుట లేదు. పాటను మామూలు ఆడియో ఫైలుగాను, ఏ గొంతునకు ఆ గొంతు వేరుగాను బయటికి తీయు మీట ఉన్నదా అని వెదకుచున్నది. మొన్న ఉగాదికి మూడింటిని చూచినది. ఒకదానిలో మాత్రమే ఆ మీట కనబడినది.